సీపీయూ దుమ్ము దులపడం సరే, ముందు ఆ గుడ్డ తీసేయండి చెల్లెమ్మా

తాండూరు నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా:

"అన్నా నమస్తే. మాది తాండూరు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లకు పోయే రోడ్డు మీదనే మా షాపు ఉంటది, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు చేస్తా. కంప్యూటర్ 2014లో కొన్నది, ఐ3 నాలుగో జనరేషన్, ఇంతవరకు ఒక్కసారి కూడా విప్పలే. ఈ ఎండాకాలం మధ్యాహ్నం కాంగనే ఫ్యాను గుర్రుమని మొత్తుకుంటది, ఇరవై నిమిషాలకు టప్పుమని బంద్ అయితది. వెంటనే ఆన్ చేస్తే మళ్లీ రెండు నిమిషాలకే బంద్. అరగంట ఆగి పెడితే మంచిగనే నడుస్తది. దుమ్ము పడొద్దని సీపీయూ మీద ఎప్పుడూ గుడ్డ కప్పే ఉంచుతా, అయినా గిట్లయితుంది. పక్క షాపు పిల్లగాడు పంక్చర్ షాపుకు తీస్కపోయి గాలి కొట్టియ్యమంటుండు, మా ఆయన వాక్యూమ్ క్లీనర్ పెట్టమంటుండు. డబ్బా ముట్టుకుంటే అప్పుడప్పుడు చెయ్యి జివ్వుమంటది, అందుకే విప్పాలంటే భయం. నేను సొంతంగ చేసుకోవచ్చా? ఇంకోటి, మా అత్తమ్మ శుక్రవారం శుక్రవారం దానికి కూడా సాంబ్రాణి పొగ పెడ్తది, దానితోటి ఏమన్న అయితదా?"

చెల్లెమ్మా, సొంతంగా చేసుకోవచ్చు, నిక్షేపంగా. రెండు స్క్రూలు, ఒక బ్రష్షు, ఒక బ్లోయర్, ఒక గంట ఓపిక, అంతే. కాకపోతే నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో రిపేర్ బల్ల దగ్గర కూర్చున్న రోజుల నుంచి చూస్తున్నా, దుమ్ముతో పోయిన కంప్యూటర్ల కంటే దుమ్ము దులపబోయి పోగొట్టుకున్నవే నా బల్ల మీదకి ఎక్కువ వచ్చాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ జబ్బు సంగతి. ఇరవై నిమిషాలకి ఆగిపోవడం, వెంటనే పెడితే రెండు నిమిషాలకే ఆగిపోవడం, అరగంట చల్లారాక మళ్లీ మామూలుగా నడవడం, ఇది దాదాపు ఖాయంగా వేడే. మీ ప్రాసెసర్, అంటే లోపలి ముఖ్యమైన చిప్పు, 100 డిగ్రీల దగ్గరికి వెళ్లేసరికి ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది (అప్పుడే మీకు అప్లికేషన్ పేజీలు గిరగిరా తిరుగుతూ ఉంటాయి, మీరు నెట్ స్లో అనుకుంటారు), అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా మొత్తం ఆపేస్తుంది. అంటే అది పాడవ్వట్లేదు, తనని తను కాపాడుకుంటోంది. ఎస్ఎంపీఎస్ (సీపీయూ లోపల అన్నిటికీ కరెంట్ ఇచ్చే పెట్టె) చెడినా ఇలా టప్పుమని ఆగొచ్చు గానీ అది చాలాసార్లు పొద్దున్నా మధ్యాహ్నం తేడా చూడదు, ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతుంది.

ఇక ఆ గుడ్డ. నడుస్తున్న సీపీయూ మీద గుడ్డ కప్పడం అంటే మే నెలలో మనిషికి రగ్గు కప్పి పరిగెత్తమన్నట్టు. ముందు నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక నుంచి వేడిగాలి పోవాలి, గుడ్డ ఆ రెండు దార్లూ మూసేస్తే వేడిగాలే లోపల తిరిగి తిరిగి మళ్లీ ప్రాసెసర్ ఫ్యాన్‌లోకే వెళ్తుంది. రాత్రి షాపు మూసేటప్పుడు, షట్‌డౌన్ చేసి ఓ పది నిమిషాలయ్యాక కప్పుకోండి, మంచిదే. పొద్దున ఆన్ చేసే ముందు తీసి మడతపెట్టేయండి. సగం రోగం దీనితోనే కుదురుతుందని నా అనుమానం, కానీ పదేళ్లు దాటింది విప్పక, మిగతా సగం లోపల ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసేశారు, చెయ్యి జివ్వుమంటోందని. దుమ్ముకీ దీనికీ సంబంధం లేదు, ఇది ఎర్తింగ్ లేకపోవడం. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కోసం చిన్న కెపాసిటర్లు (కరెంట్‌ని కాసేపు పట్టి ఉంచే భాగాలు) ఉంటాయి, వాటి రెండో కొస డబ్బా ఇనుముకి, అంటే ఎర్త్‌కి కలిపి ఉంటుంది. ప్లగ్గులో మూడో పిన్ను నిజంగా భూమిలోకి వెళ్తే ఆ కాస్త లీకేజీ కిందకి దిగిపోతుంది, వెళ్లకపోతే మన 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టులు డబ్బా మీదే నిలబడి ఉంటాయి. కరెంట్ చాలా తక్కువ కాబట్టి చీమ కుట్టినట్టు జివ్వుమంటుంది అంతే, కానీ బండల నేల మీద చెప్పులు లేకుండా తడికాళ్లతో ఉంటే బాగానే తెలుస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే రేపు నిజంగా లోపల ఏదైనా షార్ట్ అయితే కాపాడాల్సింది ఆ ఎర్త్ వైరే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ స్విచ్ బోర్డుకి ఎర్తింగ్ చూపించండి, టూ పిన్ అడాప్టర్ ఏదైనా మధ్యలో పెట్టి ఉంటే తీసి పారేయండి. మీ జిరాక్స్ మెషిన్‌కీ అదే ప్లగ్గు అయితే ఈ పని ఇంకా ముందు చేయించాలి. విప్పేటప్పుడు మాత్రం భయం అక్కర్లేదు, ప్లగ్గు పూర్తిగా పీకేస్తాం కాబట్టి జివ్వు అనడానికి అక్కడ ఏమీ ఉండదు.

పంక్చర్ షాపు గాలి దగ్గరికి వస్తా. వద్దు. ఇది నేను స్వయంగా చేసి తెలుసుకున్న సంగతి. పెంటియం 4 రోజుల్లో, పెళ్లి కార్డులు డిజైన్ చేసే ఒకాయన సీపీయూ తెచ్చాడు, మాఘమాసం, ముహూర్తాలన్నీ ఒకేసారి, సాయంత్రానికల్లా కావాలన్నాడు, ఆ రోజు మా బ్లోయర్ కాలిపోయి ఉంది. నేను తెలివిగా కింద టైర్ల షాపుకి తీసుకెళ్లి కంప్రెసర్ గాలి కొట్టా. మొదటి పది సెకన్లు అద్భుతం, దుమ్మంతా మేఘంలా లేచిపోయింది. తర్వాత పైపు కొస నుంచి తుర్రుమని సన్నటి తుంపర పడింది. కంప్రెసర్ ట్యాంకులో గాలి నొక్కుకుపోయి చల్లారాక అందులో ఉన్న తేమంతా నీళ్లయి అడుగున చేరుతుంది, రోజూ కింద వాల్వు తిప్పి ఆ నీళ్లు తీసేయాలి, ఎంతమంది తీస్తారు? పైగా ఆ నీళ్లలో కంప్రెసర్ ఆయిల్ కూడా ఉంటుంది. నేను చొక్కా కొసతో తుడిచి, ఆరిందిలే అనుకుని స్విచ్ వేశా. ర్యామ్ (మెమరీ పట్టీ) గుచ్చే స్లాట్ దగ్గర చిన్న మెరుపు, ఒక రకమైన కాలిన వాసన, అంతే, మదర్‌బోర్డు మళ్లీ లేవలేదు. కొత్త బోర్డు నా జీతంలోంచే. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా వస్తే గుర్తుపడతా. నీళ్లు రాకపోయినా ఆ ప్రెజర్‌కి చిన్న చిన్న వైర్లు ఊడొచ్చు, ఫ్యాన్ రెక్క విరగొచ్చు. సైకిల్ ట్యూబుకి కొట్టే గాలి సైకిల్ ట్యూబుకే.

వాక్యూమ్ క్లీనర్ సగం ఓకే. బయట డబ్బా మీద, ముందు జాలీ మీద, కింద పడ్డ దుమ్ము లాగడానికి వాడుకోండి. లోపల బోర్డు మీద పెట్టొద్దు, ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుంటూ వేగంగా వెళ్తుంటే ఆ గొట్టం కొసకి స్టాటిక్ కరెంట్ పుడుతుంది, ఎండాకాలం పొడిగాలిలో ఇంకా ఎక్కువ. స్వెట్టర్ విప్పేటప్పుడు చిటపటమంటుందే అదే. మన ఒంటికి అది తెలియాలంటే మూడు వేల వోల్టుల దాకా ఉండాలి, చిప్పు పాడవ్వడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు, అంటే మనకి ఏమీ తెలియకుండానే లోపల పని అయిపోతుంది. ఇంకో విషయం, మీది జిరాక్స్ షాపు. సీపీయూ చుట్టూ నల్లటి టోనర్ పొడి ఉంటే దానికి ఇంటి వాక్యూమ్ అస్సలు పెట్టకండి, ఆ పొడి ఎంత సన్ననిదంటే మామూలు ఫిల్టర్‌లోంచి దూరి వెనక నుంచి షాపంతా చల్లుతుంది. టోనర్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడే, వేడికి కరిగి అంటుకోవడమే దాని పని, కాబట్టి వేడినీళ్ల గుడ్డ కూడా పనికిరాదు, చల్లటి నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో డబ్బా బయట తుడవండి. లోపల ఏ తడీ వద్దు. అద్దాలు తుడిచే నీలం నీళ్లు కూడా వద్దు.

మరి ఏం కొనాలి? చేత్తో పట్టుకునే కరెంట్ బ్లోయర్, కంప్యూటర్ సర్వీస్ వాళ్లందరి దగ్గరా ఉంటుంది, 500, 600 వాట్లది చాలు, మీ ఊరి రోడ్డుకి అది ఎలాగూ ఏడాది పొడుగునా పనికొస్తుంది. పెయింట్ షాపులో ఒక అంగుళం బ్రష్షు, కొత్తది, మెత్తటి వెంట్రుకలది. స్టార్ స్క్రూడ్రైవర్. ముక్కుకి మాస్కు, ఇది మర్చిపోవద్దు, మీ దగ్గర లేచేది మామూలు ఇంటి దుమ్ము కాదు, రాతిపొడి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

మొదలుపెట్టే ముందు కస్టమర్ల ఫైళ్లు, మీ లెక్కలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. 2014 నాటి హార్డ్ డిస్క్ కదా, దాన్ని కదిలించే ముందు ఈ పని చేయని వాళ్లకి నేను సర్వీస్ కూడా చేసేవాణ్ణి కాదు. ఇంకో చిన్న పని, ప్రాసెసర్ వేడి చూపించే ప్రోగ్రాం, హెచ్‌డబ్ల్యూ మానిటర్ గానీ కోర్ టెంప్ గానీ ఫ్రీగా దొరుకుతుంది, వేసుకుని మధ్యాహ్నం పూట వేడి ఎంతుందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి.

ఇప్పుడు అసలు పని. షట్‌డౌన్ చేయండి, యూపీఎస్ ఉంటే అది కూడా ఆపేయండి, చాలామంది గోడ స్విచ్ ఆపేసి అయిపోయింది అనుకుంటారు, యూపీఎస్ మాత్రం బ్యాటరీ మీద కరెంట్ ఇస్తూనే ఉంటుంది. వెనక వైర్లు ఏది ఎక్కడ ఉందో ముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, సీపీయూ వెనక పవర్ వైరు పీకేయండి. తర్వాత మిగతావన్నీ, మానిటర్ వైరు, ఇంటర్నెట్ వైరు, ముఖ్యంగా ప్రింటర్ యూఎస్‌బీ, ఎందుకంటే ప్రింటర్ ఇంకో ప్లగ్గులో ఉంటుంది, ఎర్తింగ్ లేని చోట ఆ జివ్వు ఆ వైరు గుండా కూడా వస్తుంది. అన్నీ పీకాక ముందు వైపున్న పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంట్ చాలావరకు ఖర్చయిపోతుంది, ఒక్కోసారి ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగుతుంది కూడా, భయపడకండి.

సీపీయూని షాపు బయటికి, నీడలోకి తీసుకెళ్లండి, కింద బండ నేలే మంచిది, కార్పెట్టు, ప్లాస్టిక్ చాప వద్దు. సింథటిక్ చీర, నైలాన్ చున్నీ కాకుండా కాటన్ కట్టుకోండి ఆ రోజు, గాజులు, ఉంగరం తీసేయండి, జడ వెనక్కి. వెనక వైపు నుంచి చూస్తే ఎడమ పక్కో కుడి పక్కో (మీ డబ్బాని బట్టి) తలుపుకి రెండు స్క్రూలు ఉంటాయి, తీసి తలుపు వెనక్కి జరిపితే వస్తుంది. చెయ్యి లోపల పెట్టే ముందు ప్రతిసారీ డబ్బా ఇనుముని, రంగు లేని చోట, ఒకసారి ముట్టుకోండి, మీ ఒంట్లో ఉన్న స్టాటిక్ ముందు అక్కడికి పోతుంది. ఇక్కడ ఇంకో ఫోటో.

తెరవగానే బెదిరిపోకండి. బల్లి గుడ్ల పెంకులు, చచ్చిన బొద్దింక, సాలీడు గూళ్లు, ఏవైనా కనిపించొచ్చు, నేనైతే ఎండిపోయిన బల్లినే రెండు మూడు సార్లు తీశా. ముందు బ్రష్షుతో, గట్టిగా రుద్దకుండా, ముగ్గుపిండి తుడిచినట్టు పైనుంచి కిందకి నెమ్మదిగా కదపండి. తర్వాత బ్లోయర్. ఇక్కడ రిపేర్ షాపు రహస్యం ఒకటి, బ్లోయర్ ఆన్ చేసి మొదటి నాలుగైదు సెకన్లు బయట గాల్లోకి కొట్టండి, దాని గొట్టంలో ఉన్న చెత్తంతా ముందు అక్కడ ఊడిపోవాలి, లేకపోతే అది నేరుగా మీ బోర్డు మీదకే. కొస బోర్డుకి తగలకుండా జానెడు దూరంలో, కొంచెం వాలుగా, టక్ టక్ టక్ అని చిన్న చిన్నగా కొట్టండి, ఒకే చోట నిలబెట్టొద్దు.

ఫ్యాన్ల దగ్గర మాత్రం ఒక్కటే రూల్: ఎడమ చేతి వేలితో రెక్కని పట్టుకుని, కుడి చేత్తో గాలి. బ్లోయర్ పెట్టగానే ఆ ఫ్యాను ఈల వేస్తూ రయ్యిమని తిరుగుతుంటే చూడటానికి భలే ఉంటుంది, కొత్తగా చేరిన కుర్రాళ్లందరూ ఆ సరదా పడతారు. కానీ అది తిరగాల్సిన దానికంటే ఎన్నో రెట్లు వేగం, లోపల బేరింగ్ అరిగిపోయి గరగరమని మోత మొదలవ్వొచ్చు. పైగా సైకిల్ డైనమో గుర్తుందా, చక్రంతో తిప్పితే లైటు వెలిగేది, ఫ్యాను మోటార్ కూడా అంతే, బయటి నుంచి తిప్పితే అదే కరెంట్ పుట్టించి బోర్డులోకి వెనక్కి పంపొచ్చు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి. ప్రాసెసర్ మీద గుండ్రంగా ఒక ఫ్యాను, దాని కింద అల్యూమినియం రెక్కలు పువ్వులా చుట్టూ పరుచుకుని ఉంటాయి, దాన్నే హీట్‌సింక్ అంటారు. మీరు పైనుంచి చూస్తే ఫ్యాను రెక్కల మీద కాస్త దుమ్మే కనిపిస్తుంది, తుడిచేసి అయిపోయింది అనుకుంటారు. ఫోన్ టార్చ్ వేసి ఫ్యాన్ రెక్కల సందులోంచి కిందకి చూడండి, ఫ్యానుకీ అల్యూమినియానికీ మధ్య బూడిదరంగు కంబళి ముక్కలాంటిది పరుచుకుని ఉంటుంది, మీ దగ్గరైతే రాతిపొడికి సాంబ్రాణి మసి కూడా తోడై ఇంకా దట్టంగా ఉంటుంది. ఫ్యాను ఎంత మొత్తుకున్నా గాలి ఆ కంబళి దాటి రెక్కల్లోకి దిగదు. మధ్యాహ్నం గుర్రుమనే మోత అదే. ఫ్యాన్ పట్టుకుని, పక్క నుంచి అల్యూమినియం రెక్కల సందుల్లోకి గాలి కొట్టండి, కింద నుంచి పైకి వచ్చేలా, అప్పుడు ఆ కంబళి పైకి లేస్తుంది, బ్రష్షు కొసతోనో చీపురు పుల్లతోనో మెల్లగా లాగేయండి. రెండు మూడు సార్లు చేస్తే టార్చ్ వెలుగు రెక్కల మధ్య నుంచి కిందదాకా కనిపిస్తుంది, అప్పుడు ఆపండి.

ఇదంతా హీట్‌సింక్ విప్పకుండానే. విప్పాలా అంటే, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించడానికి ఆ రెండిటి మధ్య ఒక పేస్ట్ పూసి ఉంటుంది, పదేళ్లు దాటిన పేస్ట్ లోపల సుద్దముక్కలా ఎండిపోయి ఉంటుంది, కొత్తది వేస్తే మంచిదే, కానీ మొదటిసారికే అది పెట్టుకోవద్దని నా సలహా. ముందు దుమ్ము తీసి, కాగితం మీద రాసుకున్న అంకె ఎంత తగ్గిందో చూడండి, మూత బిగించి మధ్యాహ్నం నడిపినా 80 దాటకపోతే అలాగే వదిలేయండి. ఇంకా 90 కొడుతుంటే అప్పుడు పేస్ట్. తెలిసిన వాళ్ల చేత చేయించుకుంటే నిశ్చింత, మీరే చేస్తానంటే, నాలుగు మూలల్లో నాలుగు నల్లటి కాళ్లు ఉంటాయి, ఒక్కోదాని మీద బాణం గుర్తు, ఆ బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. ఫ్యాన్ వైరు ముందే ఊడదీయాలి. పాత పేస్ట్ టిష్యూతో తుడిచి, ఐపీఏ అనే స్పిరిట్ రెండు చుక్కలు వేసి మళ్లీ తుడవాలి, మొబైల్ రిపేర్ షాపుల్లో అడిగితే ఇస్తారు, అది మంటకి భగ్గుమంటుంది కాబట్టి పూర్తిగా ఆరేదాకా బ్లోయర్ ఆన్ చేయొద్దు. కొత్త పేస్ట్ పెసర గింజంత, మధ్యలో ఒకే చుక్క, దోసె పోసినట్టు పరిస్తే పక్కలకి కారుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు కాళ్లని బాణానికి ఎదురు తిప్పి మొదటి స్థానానికి తెచ్చి, ఎదురెదురు మూలలు జతలుగా టక్ అని శబ్దం వచ్చేలా నొక్కాలి. నొక్కాక ఒక్కో కాలునీ చిన్నగా పైకి లాగి చూడండి. సర్వీస్ అయ్యాక కూడా వేడి తగ్గట్లేదని వచ్చిన ఎన్నో కేసుల్లో నేను చూసింది ఇదే, నాలుగో కాలు పైపైన ఆనుకుని ఉంటుంది, లోపలికి దిగి ఉండదు.

ఎస్ఎంపీఎస్, అంటే కరెంట్ వైరు వచ్చి గుచ్చుకునే ఆ పెట్టె, దాన్ని మాత్రం విప్పకూడదు. మీరు కాదు, నేనైనా అవసరం లేకుండా విప్పను. లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపటిదాకా పోకపోవచ్చు, ఆ జివ్వుకీ దీనికీ పోలికే లేదు, ఇది ప్రాణాల మీదకి వచ్చే షాక్. బయటి జాలీలోంచి రెండు వైపులా గాలి కొట్టండి చాలు. అందులోంచి కాలిన వాసన వస్తున్నా, ఫ్యాన్ తిరగకపోయినా రిపేర్ అనకుండా కొత్తది కొనేయండి.

ర్యామ్ ఊరికే కదపాల్సిన పని లేదు. అంతా బిగించాక స్క్రీన్ రాకుండా కీక్ కీక్ మంటే మాత్రం, బ్లోయర్ గాలికి అది కొంచెం కదిలి ఉండొచ్చు, మళ్లీ ప్లగ్గు పీకి, రెండు క్లిప్పులు తెరిచి తీసి, బంగారు రంగు పళ్లని స్కూలు పిల్లల తెల్ల రబ్బర్‌తో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు వాటంతటవే మూసుకునేదాకా నొక్కండి. ఫ్యాన్ ఎర్రర్ అని వస్తే ప్రాసెసర్ ఫ్యాన్ వైరు చూసుకోండి. చాలావరకు కంగారు ఈ రెండింటితోనే పోతుంది.

తలుపు బిగించే ముందు తీసిన ఫోటోతో ఒకసారి పోల్చుకోండి, ఏ వైరూ ఫ్యాన్ రెక్కకి తగలకుండా ఉందా అని. తలుపు మూసే నడపండి. తలుపు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకునే వాళ్లని చూశా, మీ రోడ్డు మీద అలా చేస్తే నెల తిరక్కుండా మళ్లీ కంబళి తయారు.

మీరు రాయలేదు గానీ నా ఊహ, సీపీయూ టేబుల్ కింద నేల మీద, జిరాక్స్ మెషిన్ పక్కనే ఉంటుంది కదా? జిరాక్స్ మెషిన్ వెనకో పక్కో వేడిగాలి వదులుతుంది, టోనర్ ధూళితో సహా, అది నేరుగా సీపీయూ ముక్కులోకి వెళ్తుంటే మీరు ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. అవతలి వైపుకి మార్చి, రెండు ఇటుకల మీద నాపరాయి ముక్క వేసి (మీ ఊళ్లో దానికి కొదవా) నేల నుంచి జానెడు ఎత్తులో పెట్టండి, వెనక గోడకి జానెడు ఖాళీ. ముందు గాలి పీల్చే చోట కిటికీకి కొట్టే దోమల మెష్ ముక్క ఒకటి టేపుతో అంటించొచ్చు, వారానికోసారి దులుపుకుంటానంటేనే, లేకపోతే అదే ఇంకో గుడ్డ అవుతుంది. వెనక వైపు మాత్రం ఏదీ అంటించొద్దు. ఇళ్లల్లో అయితే ఏడాదికోసారి విప్పితే చాలు అంటాను, మీరు ఆరు నెలలకోసారి, ఉగాదికి ఒకటి దసరాకి ఒకటి అనుకుంటే గుర్తుంటుంది.

దసరా అంటే గుర్తొచ్చింది, మీ అత్తమ్మ సంగతి. సాంబ్రాణి పొగలో జిగురు ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతుంటే ఆ పొగంతా లోపలికి లాక్కుంటుంది, ఆ జిగురు మీద రాతిపొడి పడితే తర్వాత బ్లోయర్‌కి కూడా ఊడదు. అలాగని ఆవిడని మానేయమని చెప్పకండి, శుక్రవారం పొద్దున మీరు కంప్యూటర్ ఆన్ చేయకముందే, మీ గుడ్డ ఎలాగూ కప్పి ఉంటుంది కదా, ఆ గుడ్డ మీదే పొగ పట్టమనండి, పొగ పోయాక గుడ్డ తీసి బయట దులిపి స్విచ్ వేసుకోండి. ఆయుధపూజకి పసుపు కుంకుమ కూడా పెడతారేమో, బొట్టు పక్క తలుపు మీద ఎంత పెద్దదైనా పెట్టుకోమనండి, ముందు జాలీ మీద మాత్రం వద్దు.